గోలీలిచ్చే చేతికి ఎవరు నేర్పారు?

మందుల దుకాణం మీద ఏమని బోర్డు రాసుకోవాలో కూడా మన చట్టం చెబుతుంది. 1945 నాటి ఔషధ నిబంధనల్లో 65వది చదివితే, రిజిస్టరైన ఫార్మసిస్టు అవసరం లేని దుకాణం ‘డ్రగ్ స్టోర్’ అని మాత్రమే రాసుకోవాలి. ఫార్మసిస్టు ఉండి, మందులు కలిపే ఏర్పాటు లేకపోతే ‘కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్’. కలిపే ఏర్పాటు కూడా ఉంటేనే ‘ఫార్మసీ’. సిద్దిపేట బజారులో గానీ, తెలంగాణలో మరే పట్టణపు బజారులో గానీ ఈ తేడాలు చూసి దుకాణం మెట్లెక్కేవాళ్లు ఉండరు. జనానికి అది మెడికల్ షాపు, లోపల ఉన్నాయన సారు, ఆయన ఇచ్చేది గోలీ. బోర్డుకు ఇంత సూక్ష్మమైన నియమం రాసుకున్న వ్యవస్థ, ఆ గోలీ చేతిలో పెట్టేటప్పుడు సారు ఏం అడగాలి, ఏం చెప్పాలి, ఎవరిని ఆపి దవాఖానకు పంపాలి అన్నది నేర్పే పనిని మాత్రం తరం తర్వాత తరం వాయిదా వేస్తూ వచ్చింది. దీన్ని నిర్లక్ష్యం అని తేల్చేస్తే చరిత్ర అర్థం కాదు. శిక్షణ లేకపోలేదు, చాలానే ఉంది. కానీ ప్రతి కాలంలోనూ ఫార్మసిస్టును ఇంకెవరి అవసరం కోసమో తయారుచేశారు: మొదట డాక్టరు కోసం, తర్వాత కార్ఖానా కోసం, ఆ తర్వాత పెద్దాసుపత్రి కోసం. బస్తీ మనిషి కోసం తయారుచేసిన కాలం ఇంకా రాలేదు. సిద్దిపేట లాంటి ఊరి నుంచి చూస్తే ఈ క్రమం స్పష్టంగా కనిపిస్తుంది.

నిజాం కాలంలో సిద్దిపేట మెదక్ జిల్లాలో ఒక తాలూకా కస్బా. నేతగాళ్లు, వ్యాపారులు, చుట్టుపక్కల పల్లెల నుంచి అంగడికి వచ్చే రైతులు ఉన్న ఊరు. ఇక్కడి మగ్గాల మీద నేసిన గొల్లభామ చీరలకు ఇప్పటికీ పేరుంది. ఇలాంటి కస్బాలో మందు దొరికే చోట్లు రకరకాలు. శొంఠి, పిప్పళ్లు, కరక్కాయ కిరాణా దుకాణంలోనే దొరికేవి. పసరు వైద్యులు, యునానీ హకీములు తమ మందు తామే నూరుకునేవారు. రోగిని చూసేవాడూ మందు ఇచ్చేవాడూ ఒకడే. ఈ రెండు పనులను విడదీసిన పాశ్చాత్య వైద్యం హైదరాబాదు రాజ్యంలోకి 1846లో మెడికల్ స్కూలు రూపంలో వచ్చింది. అక్కడ పాఠాలు ఉర్దూలో చెప్పేవారు, చదువు ముగించినవారికి హకీం అన్న బిరుదే ఇచ్చేవారు. 1866లో అఫ్జల్‌గంజ్ దవాఖాన వచ్చింది. రాజధానిలో మొదలైన ఈ వైద్యం తాలూకాలకు చేరేసరికి ఒక డాక్టరు, ఒకరిద్దరు కాంపౌండర్లు, ఒక మందుల గదిగా కుదించుకుపోయింది. దాని పక్కనే, చీటీ అక్కర్లేని మందు కూడా జనం ఇళ్లలోకి నడిచొచ్చింది. 1920లో హైదరాబాదులో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ చిన్న సీసా తెలంగాణ ఇళ్ల గూళ్లలో నిలిచిపోయింది. ఒకే సీసాతో పది బాధలకు ఉపశమనం దొరుకుతుందన్న నమ్మకం, మందు కోసం నేరుగా దుకాణానికి వెళ్లే అలవాటు మనకు మెడికల్ షాపులతో కొత్తగా వచ్చినవి కావు. అల్లోపతి మందులు ఆ అలవాటులోకి వచ్చి చేరాయి.

కాంపౌండర్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఫార్మసిస్టుకు తాత అతనే. ఆనాటి దవాఖానకు రోగి ఇంటి నుంచి ఖాళీ సీసా తెచ్చుకునేవాడు. కాంపౌండర్ పెద్ద జాడీలోంచి ఎర్రటిదో తెల్లటిదో మిక్స్చరు కొలిచి పోసి, సన్నని కాగితం ముక్కను మడిచి, అంచుల్లో కత్తెరతో గాట్లు పెట్టి, జిగురుతో సీసా పక్కన అంటించేవాడు. ఒక్కో గాటు ఒక్కో మోతాదు. చదువురాని మనిషికి పూటకు ఎంత తాగాలో ఆ కాగితం చెప్పేది. రోగికి అర్థమయ్యేలా మోతాదు చెప్పే పద్ధతుల్లో దీన్ని మించింది తర్వాతి కాలంలో మనం కనిపెట్టలేదనే నా అభిప్రాయం. అయితే ఈ నేర్పు ఎక్కడి నుంచి వచ్చింది? ఏ పుస్తకం నుంచీ కాదు, డాక్టరు పక్కన ఏళ్లకు ఏళ్లు నిలబడటం నుంచి. చేతిరాత చదవడం, తూకం వేయడం, ఏ మందులో ఏది కలపకూడదో గుర్తుంచుకోవడం అన్నీ అలా వచ్చినవే. డాక్టరు కంటికింద ఉన్నంతసేపు ఆ శిక్షణ సరిపోయింది. కాంపౌండర్ దవాఖాన దాటి తన వాడకు చేరి, సాయంత్రం అరుగు మీద కూర్చుని సొంతంగా గోలీలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మాత్రం అతని దగ్గర డాక్టరు నేర్పిన పేర్లు ఉన్నాయి గానీ డాక్టరు విచక్షణ లేదు. ఎవరికి మందు ఇవ్వకూడదో తెలుసుకోవడం మందు ఇవ్వడం కంటే కష్టమైన విద్య. అది అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనిగా ఎవరూ అనుకోలేదు.

ప్రభుత్వం ఈ రంగం వైపు చూడటానికి కారణం రోగి కాదు, సరుకు. కల్తీ మందులు, బలం లేని క్వినైన్ మీద గగ్గోలు పుట్టి 1930లో కల్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన కమిటీ వేశారు. మరుసటి ఏడు వచ్చిన నివేదిక మందుల నాణ్యతతో పాటు వాటిని ఇచ్చే మనుషుల చదువు గురించి కూడా గట్టిగానే చెప్పింది. మొదట చట్టంగా మారింది మాత్రం నాణ్యత: 1940లో ఔషధ చట్టం. మనుషుల వంతు వచ్చేసరికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. ఈలోగా 1946లో భోర్ కమిటీ లెక్కలు తీస్తే దేశం మొత్తం మీద అర్హత ఉన్న ఫార్మసిస్టులు 75 మంది తేలారు, అంటే 40 లక్షల జనానికి ఒకరు. ఆ అంకె చూశాక 1948 ఫార్మసీ చట్టం చేసిన రాజీ అర్థమవుతుంది. చదువుకున్నవాళ్లు లేరు కాబట్టి, డాక్టర్ల చీటీల మీద మందులిచ్చే చోట అయిదేళ్లకు తగ్గకుండా మందులు కలిపిన అనుభవం ఉన్నవారిని కూడా మొదటి రిజిస్టరులోకి ఎక్కించడానికి 31వ సెక్షన్ దారి తెరిచింది. అలా రాత్రికి రాత్రి కాంపౌండర్ ఫార్మసిస్టు అయ్యాడు. చేసే పని అదే, వచ్చిన విద్య అదే, చేతిలో కాగితం మాత్రం కొత్తది. ఆనాటికి వేరే మార్గం లేదని ఒప్పుకుంటూనే ఒక సంగతి గమనించాలి. మన వ్యవస్థ ఫార్మసిస్టును మొట్టమొదట గుర్తించింది ఒక నమోదుగా, ఆ గుర్తింపు ముద్ర ఇప్పటికీ చెరగలేదు.

హైదరాబాదు ప్రాంతానికి ఈ చట్టాలు ఇంకా ఆలస్యంగా చేరాయి. ‘పార్ట్ బి’ రాష్ట్రంగా ఉన్న హైదరాబాదుకు ఔషధ చట్టం 1951లో గానీ వర్తించలేదు. ఇక ఫార్మసీ చట్టంలో ముఖ్యమైన అధ్యాయాలు రాష్ట్ర ప్రభుత్వం తేదీ ప్రకటిస్తేనే అమల్లోకి వస్తాయి. 1956లో రాష్ట్రాలను పునర్విభజించాక, ఒకే రాష్ట్రంలో కొంత భాగంలో చట్టం నడుస్తూ మిగతా భాగంలో నడవని చిక్కు వచ్చింది. మిగిలిన భాగానికి విడిగా తేదీ ప్రకటించుకోవచ్చని 1959 సవరణతో చట్టంలోనే ఒక వాక్యం చేర్చాల్సి వచ్చింది. అన్నిటికంటే ముఖ్యమైన 42వ సెక్షన్, అంటే డాక్టరు రాసిన మందును రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప మరొకరు ఇవ్వకూడదన్న నియమం, దేశమంతటా తప్పనిసరిగా అమలయ్యేందుకు 1976లో మరో సవరణ, దానికి ఎనిమిదేళ్ల గడువు కావలసి వచ్చాయి. చట్టం పుట్టింది 1948లో, దానికి కోరలు వచ్చింది 1984లో. ఈ 36 ఏళ్లలో సిద్దిపేట పాత తాలూకా కస్బా నుంచి మున్సిపాలిటీగా మారింది (1952లో), బస్సులు పెరిగాయి, దుకాణాలు పెరిగాయి, పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ల తరం వచ్చింది, సూది అంటే జనానికి మోజు పుట్టింది. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య పద్ధతి అంతా ఆ ఖాళీలోనే స్థిరపడిపోయింది. చట్టం వచ్చి కొత్త పద్ధతి నేర్పలేదు, పాత పద్ధతికి గోడ మీద ఒక ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ జోడించింది.

ఇక చదువు సంగతి. 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ ఫార్మసీ పాఠాలు మొదలుపెట్టి, 1937 నాటికి బీఫార్మసీ డిగ్రీ తెచ్చినప్పుడు ఆయన ముందున్న లక్ష్యం మన మందులు మనమే చేసుకోగలగడం. దిగుమతి మందుల మీద బతుకుతున్న దేశంలో అది గొప్ప ఆశయమే. అదే నమూనా మనకూ వచ్చింది: 1951లో వాల్తేరులో ఆంధ్రా విశ్వకళాపరిషత్తు, 1970లలో వరంగల్లు. రసాయన శాస్త్రం, మందు తయారీ, పరీక్షించే పద్ధతులు పాఠాల్లో సింహభాగం. ఈ చదువుకు తగిన ఉద్యోగాలు కూడా పక్కనే పుట్టాయి. 1961లో ఏర్పడ్డ ఐడీపీఎల్ సోవియట్ సహకారంతో బాలానగర్‌లో సింథటిక్ మందుల కర్మాగారం పెట్టింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 1970 పేటెంట్ చట్టం ఇచ్చిన వెసులుబాటుతో హైదరాబాదు చుట్టూ బల్క్ డ్రగ్స్ పరిశ్రమ అల్లుకుపోయింది. అందులో పెద్ద ముక్క పటాన్‌చెరు, ఆనాటి లెక్కలో సిద్దిపేట ఉన్న మెదక్ జిల్లాలోదే. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. ఒకే జిల్లాలో ఒక చివర ఆంటీబయాటిక్ వాగులోకి పోతోంది, ఇంకో చివర చీటీ లేకుండా నాలుగు గోలీలుగా కత్తిరించి అమ్ముడవుతోంది. మందు చేయడం ప్రపంచానికే నేర్పగలిగిన చోట, మందు ఇవ్వడం నేర్పే బడి లేకపోయింది. ఫార్మసీ చదివిన తెలివైన కుర్రవాడు కార్ఖానాకో అమెరికాకో పోవడంలో అతని తప్పేమీ లేదు. చదువు అతన్ని ఆ దారికే తయారుచేసింది.

2008 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. భోర్ కమిటీ నాటి కరువు పోయి మిగులు వచ్చింది. చదివినవాళ్లందరికీ పరిశ్రమలో చోటు లేదు, దుకాణంలో ఇచ్చే జీతం చదువుకు తగ్గట్టు లేదు. అప్పుడే సర్టిఫికెట్ అద్దె వ్యవహారం స్థిరపడింది: పేరు ఒకరిది, కౌంటర్ దగ్గర నిలబడేది ఇంకొకరు, నెలకు ఇంత అని ఒప్పందం. దీన్ని నీతి సమస్యగా తిట్టిపోయడం మామూలు. ఫార్మసిస్టు అనే మనిషి దుకాణంలో చేయాల్సిన ప్రత్యేకమైన పని ఏదీ కొనేవాడికి కనిపించనప్పుడు, యజమానికి అవసరమైనది మనిషి కాదు కాగితమే అవుతుంది. కాగితాన్నే అడిగే వ్యవస్థకు కాగితమే దొరుకుతుంది, ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏముంది?

ఈలోగా పట్టణం మారింది. పేదల వైద్యం అనగానే మన విధానాలకు పల్లె గుర్తొస్తుంది, దానికి కారణాలూ ఉన్నాయి. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పల్లెకు ఆశా కార్యకర్తను ఇచ్చింది, ఉపకేంద్రం అంతకు ముందే ఉంది. పట్టణాలకు అలాంటి మిషన్ 2013 దాకా రాలేదు. అది కూడా 50 వేల జనాభాకు ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం అన్న లెక్కతో వచ్చింది. పల్లె వదిలి సిద్దిపేట వాడల్లో అద్దెకు దిగిన కుటుంబం, ఊళ్లో ఉన్న ఏఎన్ఎంను పోగొట్టుకుని పట్టణంలో ఎవరినీ పొందలేదు. హమాలీలు, తాపీ పనివాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు పూట పని మానుకుని దవాఖాన క్యూలో నిలబడలేరు. పని అయ్యాక రాత్రి ఎనిమిదింటికి తెరిచి ఉండేది మెడికల్ షాపే. ఆ కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూస్తే మొత్తం చరిత్ర అక్కడే కనిపిస్తుంది. రోజంతా బీడీలు చుట్టి నడుము పట్టేసిన మనిషి ‘నొప్పుల గోలీలు’ అంటుంది. షాపాయన స్ట్రిప్పును కత్తెరతో నాలుగు గోలీల మేర కత్తిరిస్తాడు. ఆ ముక్క మీద మందు పేరులో సగం, గడువు తేదీలో ఏమీ మిగలదు. చిన్న కాగితపు కవరులో వేసి పైన పెన్నుతో రెండు గీతలు గీస్తాడు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. బీపీ ఉందా, కడుపులో మంట ఉందా, ఇదే గోలీ ఎన్ని నెలలుగా వాడుతున్నావు అన్న మూడు ప్రశ్నలు పడవు. అవి అడగడానికి నిమిషం కూడా పట్టదు, అడగకపోతే ఏళ్ల తర్వాత కిడ్నీల దగ్గర లెక్క తేలుతుంది. కాంపౌండర్ గాట్ల కాగితం నుంచి ఈ రెండు గీతల దాకా వచ్చిన ప్రయాణాన్ని ప్రగతి అనడానికి నాకు నోరు రాదు.

నిబంధనలు ఈ లోటును చూడలేదని కూడా అనలేం. 1991 డిప్లొమా నిబంధనల్లోనే ఆరోగ్య విద్య, కమ్యూనిటీ ఫార్మసీ అనే సబ్జెక్టు ఉంది. 2008లో ఆరేళ్ల ఫార్మ్‌డీ వచ్చింది, రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకునే చదువు. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చీటీని పరిశీలించడం, మందు ఎలా వాడాలో రోగికి వివరించి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యత అని రాశాయి. 2020 డిప్లొమా సిలబస్‌లో సోషల్ ఫార్మసీ అని కొత్త సబ్జెక్టు చేరింది. కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. కానీ శిక్షణ ఎక్కడ జరుగుతుందో చూడండి. ఫార్మ్‌డీ పెట్టాలంటే 300 పడకల ఆసుపత్రితో ఒప్పందం కావాలి. అందుకే అది పెద్దాసుపత్రి విద్య అయింది, చదివినవారి చూపు విదేశాల మీదో కార్పొరేట్ ఆసుపత్రి మీదో ఉంటుంది. డిప్లొమా విద్యార్థికి 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉంది, అందులో 250 గంటలు నిజమైన చీటీల మీద మందులివ్వాలి. చీటీయే లేకుండా వచ్చే మనిషితో ఎలా మాట్లాడాలో ఆ 250 గంటల్లో పేరుకైనా లేదు, బస్తీలో ఎక్కువమంది వచ్చేది అలాగే. ఇక పని చేస్తున్న ఫార్మసిస్టుకు 2015 నిబంధనలు విధించిన తదుపరి చదువు అయిదేళ్లలో రెండు రిఫ్రెషర్ కోర్సులు, ఒక్కోటి కనీసం ఒక రోజు. అయిదేళ్లకు రెండు రోజులు! కొత్త మందుల పేర్లు చదివి వినిపించడానికే చాలవు.

శిక్షణ ఇస్తే మాత్రం కౌంటర్ దగ్గర ప్రవర్తన మారుతుందా అన్నది న్యాయమైన సందేహం. దీనికి మన దేశంలోనే మంచి ఆధారం ఉంది. ముంబై, ఢిల్లీ, పట్నాల్లో 622 మందుల దుకాణాలకు శిక్షణ పొందిన నకిలీ రోగులను పంపి చేసిన పరిశోధనను శ్రీనాథ్ సత్యనారాయణ, జిష్ణు దాస్, మధుకర్ పాయ్ తదితరులు 2016లో ప్రచురించారు. రెండు మూడు వారాలుగా దగ్గు, జ్వరం అని మాత్రమే చెప్పిన రోగికి ఆంటీబయాటిక్‌లూ స్టెరాయిడ్లూ ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి పంపిన సందర్భాలు నూటికి 13. అదే దుకాణాలకు, కఫంలో క్షయ ఉన్నట్టు తేలిన రిపోర్టు చేతబట్టుకుని వెళ్లిన రోగి విషయంలో నూటికి 62. మొదటి రకం రోగికి నూటికి 37 సార్లు ఆంటీబయాటిక్ ఇచ్చినవాళ్లు, రెండో రకానికి 16 సార్లే ఇచ్చారు. క్షయ మందులను మాత్రం ఒక్క దుకాణం కూడా చేతికివ్వలేదు. లాభమే వాళ్లను నడిపిస్తే రిపోర్టు ఉన్నా లేకపోయినా అమ్మేవారు. ఇది ఏ జబ్బో తెలిసినప్పుడు వాళ్లు వెనక్కి తగ్గారు. అంటే లోపించింది గుర్తుపట్టే నేర్పు, ఆ నేర్పు బోధించగలిగినదే. ఇంకో ఉదాహరణ సముద్రం అవతలిది. లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి పురుషులు వెళ్లే 52 క్షౌరశాలలను ఎంచుకుని, రోనాల్డ్ విక్టర్ అనే వైద్యుడి బృందం వాటిలో కొన్నింటికి ప్రత్యేక శిక్షణ ఇచ్చిన ఫార్మసిస్టులను పంపింది. 2018లో ఫలితాలు వచ్చాయి. 319 మందిలో ఫార్మసిస్టు చూసిన వారి పై రక్తపోటు ఆరు నెలల్లో సగటున 27 పాయింట్లు తగ్గితే, మంగలి సలహా మాత్రమే అందినవారిలో 9 పాయింట్లకు కాస్త పైగా తగ్గింది. అక్కడి ఫార్మసిస్టుకు డాక్టరుతో ఒప్పందం మీద మందు రాసే అధికారం ఉంది, మనకు లేదు, ఉండాలని నేను అనడం లేదు. జనం నమ్మకంగా కూర్చునే చోటికి విద్య నడిచి వెళ్లడంలోనే ఆ ప్రయోగం బలం ఉంది. మనకు ఆ చోటు ముందే ఉంది.

పెద్ద అభ్యంతరం ఒకటుంది. షాపాయనకు నాలుగు మాటలు నేర్పితే ఇంకో ఆర్ఎంపీ తయారవుతాడు, అరకొర వైద్యానికి ప్రభుత్వమే ముద్ర వేసినట్టవుతుంది అని డాక్టర్లు అంటారు. ఇది ఉత్త భయం కాదు. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆర్ఎంపీలకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లుగా గుర్తించాలని తలపెట్టినప్పటి నుంచి ఆ వివాదం తెగలేదు. శిక్షణ సర్టిఫికెట్‌ను కొందరు గోడకు తగిలించుకుని డాక్టరు బోర్డుగా వాడుకున్న మాట నిజం. కానీ ఆర్ఎంపీకీ ఫార్మసిస్టుకూ ఒక తేడా ఉంది. ఆర్ఎంపీ బతుకు రోగిని పట్టి ఉంచుకోవడం మీద నడుస్తుంది, సూది వేయడమే అతని ఆదాయం. ఫార్మసిస్టుకు లైసెన్సు ఉంది, రిజిస్టరు ఉంది, తనిఖీ చేసే అధికారి ఉన్నాడు. పైగా చట్టం ఇప్పటికే అతన్ని ప్రజారోగ్యపు పనిలోకి లాగింది. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద 46 మందులకు, వాటిలో క్షయ మందులు, పెద్ద ఆంటీబయాటిక్‌లు ఉన్నాయి, కొన్నవారి పేరు, రాసిన డాక్టరు పేరు, ఇచ్చిన లెక్క వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. 2018లో క్షయ మందు అమ్మిన దుకాణం కూడా ప్రభుత్వానికి తెలియజేయాల్సిందే అని నోటిఫికేషన్ వచ్చింది. ఇంత బాధ్యత నెత్తిన పెట్టి, దాన్ని మోసే విద్య ఇస్తే ప్రమాదం అనడంలో అర్థం ఏముంది? నేర్పాల్సింది వైద్యం కాదు. ఎక్కడ ఆగాలో, ఎవరిని వెంటనే పంపాలో, ఏది చీటీ లేకుండా ఇవ్వకూడదో నేర్పాలి. నేర్చుకోనివాడు ఇప్పుడు చేస్తున్నదే అసలైన అరకొర వైద్యం.

వ్యాపారి లాభం చూసుకుంటాడు, అమ్మకం తగ్గించే మాట ఎందుకు చెబుతాడు అన్నది ఇంకో అభ్యంతరం. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదని ముందే చెబుతాను. గోలీ మీద మార్జినే తప్ప మాటకు రూపాయి రాని వ్యాపారంలో మాట తగ్గుతుంది, ఇది మానవ స్వభావం. కానీ పట్టణపు మెడికల్ షాపు గిరాకీ ఒక్కరోజు వ్యవహారం కాదు. బీపీ, షుగరు గోలీలు నెలనెలా కొనే కుటుంబం ఆ దుకాణానికి ఏళ్ల తరబడి వస్తుంది, ఆ వీధిలో పేరు పోతే గిరాకీ పోతుంది. ఒకసారి వేళకు దవాఖానకు పంపి ప్రాణం కాపాడిన షాపాయన మాట ఆ వాడలో ఎంత బరువుంటుందో పట్టణాల్లో పుట్టి పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. లాభం పూర్తిగా శత్రువు కాదు, దాన్ని వంచే పనిని ప్రభుత్వం ఎప్పుడూ ప్రయత్నించలేదు.

ఇప్పుడు సిద్దిపేటలో డాక్టర్ల కొరత ఏముంది అని అడిగేవారూ ఉంటారు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది, 2018లో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, పక్కనే పెద్ద దవాఖాన. 2023లో రైలు కూడా వచ్చింది. ఒకప్పుడు గాంధీకో ఉస్మానియాకో మోసుకుపోయిన రోగికి ఇప్పుడు ఊళ్లోనే స్పెషలిస్టు దొరుకుతాడు. ఈ మార్పు చిన్నది కాదు, దాన్ని పోరాడి తెచ్చినవారిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ దీర్ఘకాలపు జబ్బుల లెక్క వేరు. డాక్టరు బీపీ రోగిని నెలకొకసారి అయిదు నిమిషాలు చూస్తాడు, మిగతా రోజులన్నీ రోగీ గోలీలే. హరీశ్‌రావు ఆరోగ్య మంత్రిగా ఉన్నప్పుడు బీపీ, షుగరు మందులను కిట్లుగా ఇంటికి పంపే ఏర్పాటు చేశారు. మందు చేరింది, సంతోషం. చేరిన మందు వేసుకుంటున్నారా, ‘తగ్గింది కదా’ అని మానేశారా, ఆయుర్వేదం గోలీతో కలిపి మింగుతున్నారా అని అడిగే మనిషి ఆ గొలుసులో ఎవరు? ఆశా కార్యకర్త మీద ఇప్పటికే మోయలేనంత బరువుంది.

ఇక్కడికి వచ్చాక మార్గం పెద్ద రహస్యమేమీ కాదు. డిప్లొమా విద్యార్థి 500 గంటల్లో సగమైనా బస్తీలో, చీటీ లేకుండా వచ్చే జనం మధ్య గడవాలి. వైద్య కళాశాల ఫార్మకాలజీ విభాగం వాళ్లతో వారానికోసారి కూర్చుని ఆ వారం కౌంటర్ దగ్గర వచ్చిన కేసులు చర్చించాలి. పని చేస్తున్న ఫార్మసిస్టులకు అయిదేళ్లకు రెండు రోజుల బదులు రాత్రి దుకాణం మూశాక నడిచే పాఠాలు కావాలి, తెలుగులో, అవసరమైన వాడల్లో ఉర్దూలో. వీటిలో ఏదీ కొత్త చట్టం అడగదు. అడ్డం పడేది ఒకటే, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 2018లో హైదరాబాదులో మొదలై సిద్దిపేట వంటి పట్టణాలకూ విస్తరించిన బస్తీ దవాఖానల సిబ్బంది లెక్కలో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు ఉంటారు. ఫార్మసిస్టు పోస్టు లేదు. మందులు నర్సే ఇస్తుంది. నిబంధనల ప్రకారం శిక్షణకు వచ్చిన విద్యార్థి రిజిస్టరైన ఫార్మసిస్టు దగ్గరే పని నేర్చుకోవాలి, గంటల లెక్కకు ఆయనే సంతకం పెట్టాలి. బస్తీ కోసమే కట్టిన దవాఖానలో ఆ సంతకం పెట్టే మనిషి లేడు కాబట్టి, ఆ విద్యార్థి మళ్లీ పెద్దాసుపత్రి మందుల కిటికీ దగ్గరికో, గోడ మీద ఎవరిదో సర్టిఫికెట్ వేలాడే దుకాణానికో వెళ్లి తన 500 గంటలు పూర్తి చేసుకుంటున్నాడు.